కాళిదాసు ఏ భాషలో మాట్లాడాడు? – సౌకార్‌పేట సినిమా హాళ్ల పాఠం

క్విజ్‌లలో తరచుగా వచ్చే రెండు ప్రశ్నలున్నాయి. తొలి తెలుగు టాకీ ఏది? ‘భక్త ప్రహ్లాద’. తొలి తమిళ టాకీ ఏది? ‘కాళిదాస్’. ఒక్కో జవాబుకి ఒక్కో మార్కు, అంతటితో అయిపోతుంది. కానీ ఆ రెండో జవాబు దగ్గర కాస్త ఆగి ఇంకో ప్రశ్న వేసుకుందాం. తొలి తమిళ టాకీలో కాళిదాసు వేషం వేసిన నటుడు ఏ భాషలో మాట్లాడాడు?

తెలుగులో.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట చుట్టూ రాసింది. కాళిదాసు ఆ తెలుగు మాట్లాడింది మన కాలేజీకి ఎక్కడో దూరంగా కాదు. జార్జిటౌన్‌లో, సౌకార్‌పేటని ఆనుకుని ఉన్న వీధుల్లో. ‘చెన్నైలో తెలుగు డిపార్ట్‌మెంటా?’ అని మనల్ని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకి మనం కృష్ణదేవరాయలతో మొదలుపెట్టి జవాబు చెబుతాం. అంత దూరం వెళ్లక్కర్లేదు, వాల్‌టాక్స్ రోడ్డు దాకా వెళ్తే చాలు అని చెప్పడం నా ఉద్దేశం.

1. ముందు పేట పేరు

సౌకార్‌పేటలో ‘సౌకార్’ అంటే వడ్డీ వ్యాపారి, ధనవంతుడైన వర్తకుడు. హిందీలో సాహుకార్. దాని మూలం సంస్కృత ‘సాధు’ శబ్దం. అదే మాట తెలుగులోకి వచ్చి సాహుకారు, సావుకారు, షావుకారు అయింది. తమిళంలో సౌకార్ అయింది. గుజరాతీ, మార్వాడీ వ్యాపారులు ఇక్కడ స్థిరపడటంతో పేటకి ఆ పేరు నిలిచింది. అయితే పక్క వీధుల పేర్లు చదవండి: గోవిందప్ప నాయకన్ వీధి, కాశీ చెట్టి వీధి, నారాయణ ముదలి వీధి. ఈ పేర్లు ఒకే భాష వాళ్లవి కావు. ఒక పేట, నాలుగు భాషలు అని వేరే చెప్పక్కర్లేదు, బోర్డులే చెబుతాయి.

ఈ మాటకి సినిమాతో కూడా చుట్టరికం ఉంది. విజయా వాళ్ల మొదటి సినిమా పేరు ‘షావుకారు’. అది 1950లో వచ్చింది, ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. అందులో హీరోయిన్‌గా వేసిన జానకి గారికి ఆ సినిమా పేరే ఇంటిపేరు అయిపోయింది. మనం ‘షావుకారు జానకి’ అంటాం, తమిళంలో ‘సౌకార్ జానకి’ అంటారు. ఒకే మనిషి, ఒకే మాట, రెండు పలుకుబళ్లు. ఈ ఎల్.వి. ప్రసాద్ గారు కిందటి కథలో మళ్లీ వస్తారు. పేరు గుర్తుపెట్టుకోండి.

2. హాలు కట్టక ముందు

సెంట్రల్ స్టేషన్ దగ్గర, రిప్పన్ బిల్డింగ్ పక్కన ఎర్ర ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాలు మీరందరూ బస్సులోంచి చూసే ఉంటారు. మద్రాసులో బయాస్కోపు మొదట చూపించిన చోట్లలో అది ఒకటి. అది 1897 ప్రాంతంలో. అంతకుముందు అది నాటకాల హాలు.

1891లో బళ్లారి నుంచి సరస వినోదినీ సభ మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. ఆ సభ ప్రాణం ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు. మన సిలబస్‌లో ‘ఆంధ్ర నాటక పితామహుడు’ అని చదువుకున్నాం కదా, ఆయనే. ఆ నాటకాలు చూసిన ఒక తమిళ యువకుడికి మనమూ ఇలా ఆడాలి అనిపించింది. అదే ఏడాది ఆయనా, స్నేహితులూ కలిసి సుగుణ విలాస సభ పెట్టారు. ఆయన పేరు పమ్మల్ సంబంద ముదలియార్. తమిళ నాటకానికి పెద్దదిక్కు అయిన మనిషి. అంటే మద్రాసులో తమిళ నాటక సభ ఒకటి తెలుగు నాటకం చూసి పుట్టింది. ఆ సభ ఏళ్ల తరబడి విక్టోరియా హాల్లోనే నాటకాలాడింది.

తర్వాత రఘుపతి వెంకయ్య గారు. బందరు నుంచి మద్రాసు వచ్చి ఫొటో స్టూడియో పెట్టుకున్నారు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. ఫ్రాన్స్‌కి చెందిన గోమాఁ కంపెనీ తయారీ అది. దాని పని సులువుగా చెప్పాలంటే: ఒక పక్క ఫిల్ము తిరుగుతుంది, ఇంకో పక్క గ్రామఫోన్ రికార్డు తిరుగుతుంది, రెండూ ఒకే వేగంతో నడిచేలా జతచేస్తారు. మైకులూ ఆంప్లిఫయర్లూ ఇంకా రాని రోజులు కాబట్టి, పెద్ద గుంపుకి వినిపించడానికి పంపుతో గాలి ఒత్తిడి పెట్టి శబ్దాన్ని పెంచేవారు. టాకీలు రావడానికి ఇరవై ఏళ్ల ముందే బొమ్మ పాడినట్టు వినిపించిందన్నమాట. ఆ యంత్రం కోసం ఆయన స్టూడియోని తాకట్టు పెట్టారని చెబుతారు. దాన్ని తీసుకుని దక్షిణాదంతా తిరిగారు, సిలోను, బర్మా కూడా వెళ్లారు.

తిరిగొచ్చాక హాళ్లు కట్టారు. 1914లో మౌంట్ రోడ్డు పక్కన గెయిటీ. భారతీయుడి సొంతమైన తొలి సినిమా హాలు మద్రాసులో అదే. తర్వాత పురసవాక్కంలో గ్లోబు, అదే తర్వాత రాక్సీ అయింది. ఇంకోటి మన మింటు వీధిలో క్రౌన్. అంటే సౌకార్‌పేట నడిబొడ్డున సినిమా హాలు కట్టింది ఒక బందరు ఫొటోగ్రాఫర్. 1921లో వచ్చిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా వీళ్లదే. వెంకయ్య గారి కొడుకు ప్రకాశ్ దానికి దర్శకుడు, భీష్ముడు కూడా ఆయనే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980 నుంచి ఇచ్చిన రఘుపతి వెంకయ్య అవార్డు ఈయన పేరు మీదే. దాన్ని మొదట అందుకున్నది ఎవరో తెలుసా? ఎల్.వి. ప్రసాద్.

3. 1931 అక్టోబరు 31

ఇక కాళిదాసు దగ్గరికి వద్దాం. ఆ ఏడాది మార్చిలో బొంబాయిలో ‘ఆలం ఆరా’ వచ్చింది. అది తీసిన అర్దేషిర్ ఇరానీ గారే, ఆ సెట్లలోనే, దక్షిణాది వాళ్ల కోసం ఇంకో టాకీ తీయించారు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. హీరోయిన్ టి.పి. రాజలక్ష్మి, హీరో పి.జి. వెంకటేశన్. సినిమా పేరు ‘కాళిదాస్’. చదువురాని పశులకాపరిని మోసంతో రాకుమారికి కట్టబెట్టడం, తర్వాత కాళి కరుణించడం, మనకందరికీ తెలిసిన కథే.

రీళ్లు బొంబాయి నుంచి రైల్లో సెంట్రల్ స్టేషన్‌కి వచ్చాయి. అక్కడ జనం గుమిగూడారు. రీలు పెట్టెల వెంట వాల్‌టాక్స్ రోడ్డు పొడుగునా నడిచారు. పెట్టెల మీద గులాబీ రేకులు చల్లారు, కొబ్బరికాయలు కొట్టారు, అగరొత్తులు వెలిగించారు. దేవుడి ఊరేగింపు ఎలా చేస్తామో అలాగే. అక్టోబరు 31న కినిమా సెంట్రల్ హాల్లో సినిమా వేశారు. ఆ హాలే తర్వాత మురుగన్ టాకీస్ అయింది.

తెర మీద ఏం జరిగిందో చూడండి. రాజలక్ష్మి గారు తమిళంలో మాట్లాడారు. వెంకటేశన్ గారు తెలుగులో జవాబు చెప్పారు. పూజారి వేషం వేసిన ఒక కుర్రాడు హిందీలో మాట్లాడాడు. ఆ కుర్రాడే ఎల్.వి. ప్రసాద్. పైగా తమిళం మాట్లాడిన రాకుమారి పాడినవాటిలో త్యాగరాజ కీర్తనలు కూడా ఉన్నాయి. అంటే మాట తమిళం, పాట తెలుగు. గాంధీగారి రాట్నం మీద పాట కూడా ఉంది. కాళిదాసు కాలానికీ రాట్నానికీ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు. 1931లో అడగరు కూడా.

ఇప్పటి వాళ్లకి ఇది నవ్వొచ్చే విషయంగా అనిపిస్తుంది. భార్య తమిళంలో తిడితే భర్త తెలుగులో సర్దిచెప్పడం ఏమిటి? కానీ మా ఇంట్లో అమ్మ తెలుగులో అడుగుతుంది, నాన్న తమిళంలో జవాబు చెబుతారు, ఇద్దరిలో ఎవరికీ అది వింతగా ఉండదు. సౌకార్‌పేట కొట్లో కూడా అంతే. కొనేవాళ్లు ఒక భాష, అమ్మేవాళ్లు ఒక భాష, బేరం మాత్రం కుదురుతుంది. తెర మీద రెండు భాషలు వింటున్నాం అని ఆనాటి ప్రేక్షకుడు గమనించి ఉంటాడు. కానీ తన వీధిలో రోజూ వినేదే తెర మీదా వింటున్నాడు కాబట్టి, అది కథ అర్థం కావడానికి అడ్డమైన విషయం కాదు.

4. ఒక తేదీ తెచ్చిన చిక్కు

ఇక్కడ మనం పరిశోధన పద్ధతి గురించి ఒక చిన్న పాఠం నేర్చుకోవచ్చు. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. ఆ రోజున తెలుగు సినిమా పుట్టినరోజు కూడా జరిపేవారు. ఆ లెక్కన ప్రహ్లాద ముందు, కాళిదాసు నెలన్నర తర్వాత. తెలుగు వాళ్లమే ముందు అని చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది.

పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలూ సెన్సారు వివరాలూ వెతికి ఆ తేదీ సరికాదని చూపించారు. ‘ప్రహ్లాద’కి సెన్సారు సర్టిఫికెట్ వచ్చింది 1932 జనవరి 22న. బొంబాయిలో కృష్ణా సినిమాలో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. సెన్సారు కాకుండా బొమ్మ పడదు కదా! కాబట్టి సెప్టెంబరు తేదీ నిలబడదు. కాళిదాసే ముందు.

ఇది చదివినప్పుడు కొంతమందికి బాధ కలుగుతుంది. మన ‘మొదటి’ పోయిందే అని. నేను దీన్ని ఇంకోలా చూస్తాను. ఇందులో మనకి పోయినదేమీ లేదు, దొరికింది ఒకటుంది. పాత తేదీ ప్రకారం తెలుగు మాట మొదట వినిపించిన టాకీ పూర్తిగా తెలుగు సినిమా. కొత్త తేదీ ప్రకారం పూర్తి నిడివి టాకీలో తెలుగు మాట మొదట వినిపించింది ‘తమిళ సినిమా’ అని మనం పిలిచే దాంట్లో. అదీ జార్జిటౌన్‌లో, తమిళ తెలుగు జనం కలిసి కూర్చున్న హాల్లో. తెలుగు సినిమా, తమిళ సినిమా అని రెండు ఇళ్లుగా గోడ కట్టుకున్నది తర్వాత. మొదటి రోజు ఒకే వసారాలో ఉన్నాయి.

అలాగని ‘కాళిదాస్ నిజానికి మనదే’ అని ఇంకో గొడవ మొదలుపెట్టడం నా ఉద్దేశం కాదు. సినిమాలో ఎక్కువ బరువు మోసింది రాజలక్ష్మి గారు, ఆమె మాట్లాడింది తమిళం. అది తమిళుల తొలి టాకీయే. తేదీ సరిచేసుకోవడం వల్ల తెలిసేది ‘ఎవరిది’ అన్న ప్రశ్న అప్పటికి ఆ వీధుల్లో అంత గట్టిగా లేదు అని. తేదీ మారితే చరిత్ర అర్థం మారుతుంది అనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు కనపడలేదు.

5. చూద్దామంటే సినిమా లేదు

ఇంత చెప్పాక ‘మేడమ్, డిపార్ట్‌మెంట్ హాల్లో కాళిదాస్ వేయిద్దాం’ అని అడగాలనిపిస్తుంది. వేయలేం. ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. ‘భక్త ప్రహ్లాద’ లేదు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ లేదు. మూకీల కాలంలో మన దేశంలో వెయ్యికి పైగా సినిమాలు తీశారు. వాటిలో ముప్ఫైకి అటూ ఇటూగా మాత్రమే మిగిలాయి, అవి కూడా కొన్ని ముక్కలుగా.

ఎందుకు పోయాయి? మూడు కారణాలు.

మొదటిది ఫిల్ము స్వభావం. 1950ల ముందు ఫిల్ము నైట్రేటుతో చేసేవారు. అది అంటుకుంటే ఆరదు. మండటానికి కావలసిన ఆక్సిజన్ దానిలోంచే వస్తుంది కాబట్టి నీళ్లలో ముంచినా మండుతుంది. తగలబడకపోయినా మన ఎండకీ ఉక్కకీ జిగురుగా మారి, చివరికి పొడి అయిపోతుంది.

రెండోది వెండి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో బొమ్మని పట్టి ఉంచేది వెండి రేణువులే. ఆట అయిపోయిన ప్రింటుకి సినిమాగా విలువ లేదు, వెండిగా ఉంది. అందుకని కడిగి వెండి తీసుకునేవారు. ‘వెండితెర’ అని మనం అందంగా చెప్పుకునే మాటకి ఇలాంటి అర్థం కూడా ఒకటుందని తెలిసి నాకు మనసు చివుక్కుమంది.

మూడోది, దాచాలన్న ఆలోచన లేకపోవడం. పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికి కాళిదాసు వచ్చి ముప్ఫై మూడేళ్లు.

ఒక చిన్న లెక్క చేద్దాం. టాకీ ఫిల్ము సెకనుకి 24 బొమ్మల చొప్పున, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు దాదాపు 11 నిమిషాలు. రెండు గంటల సినిమాకి 10,800 అడుగులు, అంటే 11 రీళ్లు. సినిమా అంటే అప్పుడు మనిషి భుజం మీద మోయగల బరువున్న పెట్టెలు. వాల్‌టాక్స్ రోడ్డులో జనం కొబ్బరికాయలు కొట్టింది ఆ బరువుకి. ఇప్పుడు సినిమా ఫోన్లోకి దిగిపోతుంది, దానికి ఎవరు దిష్టి తీస్తారు?

సినిమా పోయినప్పుడు చదువుకోవడానికి మిగిలేవి మూడు: చోటు, మాట, జ్ఞాపకం. చోటు చివర్లో చూద్దాం. ముందు మాట.

6. తెర, బొమ్మ, ఆట

మా అమ్మమ్మ ‘సినిమా’ అనే మాట చాలా తక్కువగా వాడుతుంది. ‘ఏ బొమ్మ ఆడుతోంది?’ అంటుంది. ‘మొదటాటకి పోయాం’, ‘రెండో ఆట వదిలేసరికి పన్నెండు దాటింది’ అంటుంది. ఈ మూడు మాటలూ, తెర, బొమ్మ, ఆట, ఎక్కడివి? తోలుబొమ్మలాటవి. తెర కట్టి, వెనక దీపం పెట్టి, బొమ్మ ఆడించి, పక్కనుంచి పాట పాడటం మన ఊళ్లలో సినిమాకి ఎన్నో తరాల ముందు నుంచే ఉంది. కొత్త యంత్రం వచ్చినప్పుడు మనవాళ్లు కొత్త మాటలు పుట్టించలేదు, పాత బొమ్మలాట మాటలనే దానికి తొడిగారు. దీపం వెనకనుంచి ముందుకు వచ్చింది, అంతే తేడా.

తమిళంలో దీన్ని ‘పడం’ అంటారు, అంటే పటం. ఆటని ‘కాట్చి’ అంటారు, అంటే కనిపించేది. వాళ్లు చూపు వైపు నుంచి పేరు పెట్టారు, మనం ఆట వైపు నుంచి పెట్టాం. తెరకి మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట, మనకి తెర, వాళ్లకి తిరై. ‘మూకీ’ అనే మాట ఇంకా చిత్రం: సంస్కృత ‘మూక’ని ఇంగ్లీషు ‘టాకీ’ పక్కన కూర్చోబెట్టి ప్రాస కలిపారు. టాకీ వచ్చేదాకా మూకీకి ఆ పేరు పెట్టాల్సిన పనే లేదు. మాట వచ్చిన తర్వాతే మౌనానికి పేరు వచ్చింది.

నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అనే టికెట్ల పేర్లు కూడా రాసిపెట్టుకోండి. అవి ఒక సమాజం ఎలా కూర్చునేదో చెబుతాయి. హాలు పోతే ఈ మాటలకి నిలబడే చోటు ఉండదు.

7. జ్ఞాపకానికి పరీక్ష: అభిమన్యుడు ఎవరు?

పెద్దవాళ్ల జ్ఞాపకాన్ని సాక్ష్యంగా ఎలా వాడాలి? దీనికి నేను ఇంట్లోనే ఒక పరీక్ష చేశాను. అమ్మమ్మ ‘మాయాబజార్ మింటులో చూశా’ అని ఎప్పుడూ చెబుతుంది. నేను తెలుగు మాయాబజార్ అనే అనుకుంటూ వచ్చాను. కానీ 1957లో విజయా వాళ్లు ఆ సినిమాని రెండు భాషల్లో తీశారు. దర్శకుడు కె.వి. రెడ్డి. తెలుగు మార్చి 27న వచ్చింది, తమిళం తర్వాతి నెలలో. రెండింట్లోనూ కృష్ణుడు ఎన్టీఆర్, కథానాయిక సావిత్రి, ఘటోత్కచుడు రంగారావు. మరి అమ్మమ్మ చూసింది ఏది? అడిగితే ‘అదేదో తెలీదే, మాయాబజారే’ అంటుంది.

రెండింట్లో వేరుగా ఉన్నవాళ్లలో అభిమన్యుడు ఒకడు. తెలుగులో నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. కాబట్టి ‘సావిత్రి పక్కన పడవలో ఉన్నది ఎవరు అమ్మమ్మా?’ అని అడిగాను. ‘ఇంకెవరు, జెమినీ’ అంది. అంటే చూసింది తమిళం. కానీ పాటలు మాత్రం ఇప్పటికీ తెలుగులో పాడుతుంది, ఎందుకంటే అవి రేడియోలో విన్నది.

దీన్నుంచి నేను నేర్చుకున్నది రెండు. ఒకటి, జ్ఞాపకాన్ని ‘నిజమా, కాదా’ అని నేరుగా అడిగితే లాభం లేదు. రెండు ప్రతుల్లో తేడా ఉన్న చోట ప్రశ్న వేయాలి. తాళపత్ర ప్రతుల పాఠభేదాల గురించి క్లాసులో చెప్పినప్పుడు ఇదంతా మనకెందుకు అనుకున్నాం కదా, అదే పద్ధతి ఇది. రెండు, చూసింది ఒక భాషలో, దాచుకున్నది ఇంకో భాషలో అయి ఉండవచ్చు. ‘తెలుగు ప్రేక్షకులు ఎంతమంది’ అని సర్వే చేసేవాళ్లు మా అమ్మమ్మని ఏ కాలమ్‌లో వేస్తారు?

8. నడిచి చదవడం

ఇక చోటు. నేనూ ఇంకో ముగ్గురు క్లాస్‌మేట్లూ ఒక ఆదివారం పొద్దున్నే ఈ దారిలో నడిచాం. ఆదివారం అయితే కొట్లు చాలావరకు మూసి ఉంటాయి, పైకి చూస్తూ నడవొచ్చు. పాత కట్టడాల గుర్తులు ఎప్పుడూ మొదటి అంతస్తు పైనే ఉంటాయి.

మొదటి మజిలీ విక్టోరియా పబ్లిక్ హాలు. ఇక్కడ 1891నీ 1897నీ తలుచుకోవాలి: నాటకం, ఆపైన బయాస్కోపు.

రెండోది సెంట్రల్ పక్కనుంచి వాల్‌టాక్స్ రోడ్డు. రీళ్ల ఊరేగింపు దారి. ఇప్పుడు అక్కడ లారీలూ పార్సిల్ ఆఫీసులూ. సరుకు దిగే రోడ్డు ఇప్పటికీ సరుకు దిగే రోడ్డే, అప్పుడు దిగిన సరుకు సినిమా.

మూడోది మింటు వీధి. ఈస్టిండియా కంపెనీ నాణేల ముద్రణాలయం వల్ల వచ్చిన పేరు. వెంకయ్య గారి క్రౌన్ హాలు ఇప్పుడు లేదు. కానీ పేరు చెప్పి అడిగితే పెద్దవయసు వాళ్లు చోటు చూపిస్తారు. మాకు చూపించిన ఒక తాత ‘శాంతి, క్రౌన్, భువనేశ్వరి’ అని మూడు పేర్లు ఒక మంత్రంలా చెప్పారు. శివాజీ గణేశన్ సినిమాలు వరుసగా ఆ మూడు హాళ్లలో విడుదలయ్యేవి. తెలుగువాడు కట్టిన హాలు తమిళ అభిమానులకి గుడి అయింది. నాకు ఇందులో తగాదా ఏమీ కనిపించలేదు, ఊరు ఇలాగే ఊరవుతుంది.

నాలుగోది బ్రాడ్‌వే. ఇప్పటి పేరు ప్రకాశం సాలై, మన టంగుటూరి ప్రకాశం గారి పేరే. 1911లో మిసెస్ క్లూగ్ అనే ఆవిడ ఈ వీధిలో బయాస్కోపు హాలు పెట్టింది. కొన్ని నెలలే నడిచింది. మద్రాసులో సినిమా హాలు నడిపిన మొదటివాళ్లలో ఒక ఆడమనిషి ఉందని మన కాలేజీలో తప్పక చెప్పుకోవాలి. అక్కడికి దగ్గరలోనే డేవిడ్‌సన్ వీధి, అందులో మినర్వా, తర్వాతి పేరు బాచా. కొత్త సినిమాలు పెద్ద హాళ్లకి పోయాక కూడా పాత సినిమాలనే మళ్లీ మళ్లీ వేసిన హాలుగా ఈ ప్రాంతం వాళ్లకి అది గుర్తు. పాత సినిమాలు మళ్లీ వేయడాన్ని ఇప్పుడు ఫెస్టివల్ అంటున్నారు. ఇక్కడ అది రోజువారీ వ్యాపారం.

ఓపిక ఉంటే ఐదోది, బస్సెక్కి అన్నా సాలై పోస్టాఫీసు. ఆ ఆవరణలో ఉన్న పాత భవనం 1913లో కట్టిన ఎలక్ట్రిక్ థియేటర్. సినిమా పోయింది గానీ భవనాన్ని పోస్టల్ శాఖ కాపాడింది, స్టాంపుల విభాగం అందులో పెట్టింది. హాలు మూసినంత మాత్రాన కూల్చక్కర్లేదు అనడానికి అదే రుజువు.

9. మనం చేయగలిగింది

సినిమాలు పోయాయి, వాటిని మనం తేలేం. హాళ్లు పోయాయి, వాటిని మనం కట్టలేం. మిగిలింది మూడోది, జ్ఞాపకం. అది ఇంకా మన ఇళ్లలోనే ఉంది, కానీ దాని వయసు ఎనభై దాటుతోంది. కాళిదాసు మొదటి ఆట చూసినవాళ్లని అడిగే అవకాశం మన ముందు తరాలకి ఉండింది, ఎవరూ అడగలేదు. మాయాబజార్ చూసినవాళ్లని అడిగే అవకాశం మనకి ఉంది.

అందుకని ఈ వ్యాసం కింద ఒక ఖాళీ చార్టు అంటించాను. ఇంట్లో పెద్దవాళ్లని నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు వాళ్ల మాటల్లోనే, వాళ్లు చెప్పిన భాషలోనే, తెలుగు లిపిలో రాయండి.

ఒకటి: మీరు సినిమా చూసిన మొదటి హాలు ఏది, ఏ వీధిలో?
రెండు: ఏ టికెట్టు, నేలా, బెంచీనా, కుర్చీనా? ఆడవాళ్లకి వేరే చోటుండేదా?
మూడు: ఆ సినిమా ఏ భాషలో? (నేరుగా అడక్కండి. అభిమన్యుడి లాంటి ప్రశ్న ఒకటి వెతుక్కుని అడగండి.)
నాలుగు: ‘సినిమా’కి, ‘షో’కి, ‘థియేటర్’కి మీ ఇంట్లో వాడే మాట ఏమిటి?

తమిళం మాట్లాడే ఇళ్ల వాళ్లు, హిందీ, గుజరాతీ, మార్వాడీ ఇళ్ల వాళ్లు కూడా రాయండి. తెలుగు వాళ్లు మాత్రమే రాస్తే కాళిదాసు కథలో సగమే మనకి వినిపిస్తుంది. మొదటి జవాబు మా అమ్మమ్మది, రాసేశాను. చార్టు నిండితే ఇంకోటి అంటిస్తాను.